నాయకత్వంపై పీహెచ్‌డీ చేయిస్తున్నారా? గైడ్ ముందే చూసుకోవాల్సినవి

మేనేజ్‌మెంట్ విభాగాలకు వచ్చే సినాప్సిస్‌లలో (పరిశోధన ప్రతిపాదనల్లో) ఒక మూస ఉంది: ‘ఎంపిక చేసిన కంపెనీల్లో నాయకత్వ శైలులు, ఉద్యోగుల పనితీరుపై వాటి ప్రభావం’. గూగుల్ ఫారం వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. బాస్ ఎలాంటివాడో చెప్పేదీ, తన పనితీరుకు మార్కులు వేసుకునేదీ ఒకే ఉద్యోగి, ఒకే పూట. ఆ రోజు మనసు బాగుంటే రెండూ బాగుంటాయి. అలా తేలిన సంబంధంలో నాయకత్వం వాటా ఎంతో చెప్పలేం. హార్మన్ పరీక్ష (జవాబులన్నీ ఒకే కారకంలోకి ఒదిగిపోతున్నాయా అని చూసే గణాంక పరీక్ష) పెట్టి గట్టెక్కుదామనుకుంటారు గానీ, అది ఈ దోషాన్ని పట్టుకోవడంలోనే బలహీనం, ఇక సరిదిద్దడం దానివల్ల కాదు. డిజైన్ సినాప్సిస్ దశలోనే మార్చించాలి.

నాయకత్వానికి టీమ్ సభ్యులు మార్కులు వేయాలి, వాళ్ల పనితీరుకు సూపర్‌వైజర్ వేయాలి. మధ్యలో నాలుగు నుంచి ఆరు వారాల ఎడం ఉంటే ఇంకా మంచిది. రెండు ఫారాలనూ కలిపేది కోడ్: ‘టీ07-3’ అంటే ఏడో టీమ్‌లో మూడో మనిషి. సూపర్‌వైజర్‌కు ఎవరి గురించో తెలియాలి కాబట్టి పేరును చించే చీటీ మీద ఉంచి, అది చించాకే కవరు అంటించమనండి. నింపిన కాగితాలు హెచ్ఆర్ చేతిమీదుగా రాకూడదు. వస్తాయని తెలిస్తే అందరూ బాస్‌కు అయిదుకు అయిదు వేస్తారు.

40 టీమ్‌లు, టీమ్‌కు నలుగురు కలిపి 160 మంది అని స్కాలర్ సంబరపడతాడు. ప్రశ్న టీమ్ స్థాయిదైతే శాంపిల్ 40 మాత్రమే. సభ్యుల సగటు తీసేముందు వాళ్ల మధ్య ఏకీభావం చూపించాలి. ఏకీభావాన్ని కొలిచే ఆర్‌డబ్ల్యూజీ మామూలుగా 0.70 దాటాలంటారు, టీమ్‌ల మధ్య తేడా ఎంతో చూపే ఐసీసీ కూడా అడగండి.

నాయకత్వ శైలులను కొలిచే ప్రశ్నావళి ఎంఎల్‌క్యూలో 45 అంశాలు, దానికి లైసెన్సు కొనాలి. బాస్‌కూ ఉద్యోగికీ మధ్య సంబంధాన్ని కొలిచే ఎల్‌ఎంఎక్స్-7 చిన్నది, కానీ ప్రశ్నప్రశ్నకూ జవాబు ఎంపికలు వేరు. అన్నిటికీ ‘అంగీకరిస్తాను’ వరస అతికించడం స్కాలర్లు తరచూ చేసే పొరపాటు.

ప్రశ్నావళిని తెలుగులోకి ఒకరు అనువాదం చేస్తే, మూలం చూడని మరొకరు తిరిగి ఇంగ్లిష్‌లోకి చేయాలి. ఫ్యాక్టరీలో ‘మీ లీడర్’ అని వదిలేస్తే కాంట్రాక్టు కార్మికుడు మేస్త్రీని తలుచుకుంటాడు, పర్మినెంట్ కార్మికుడు షిఫ్ట్ ఇన్‌ఛార్జిని. యూనియన్ నాయకుడు గుర్తొచ్చేవాళ్లూ ఉంటారు. ఎవరి గురించి అడుగుతున్నారో ఫారం పైనే రాయించండి. అయిదారుగురితో చదివించి, ‘మీకేం అర్థమైంది?’ అని అడిగాకే ముద్రణ.

యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ దగ్గర ఎనిమిది మంది, అసోసియేట్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ దగ్గర నలుగురు మించకూడదు. స్కాలర్ పురోగతిని సమీక్షించే ఆర్‌ఏసీ (రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ) సెమిస్టర్‌కు ఒకసారి, అది చాలదు. పదిహేను రోజులకోసారి కూర్చోండి. ముందురోజే ఒక పేజీ రావాలి: ఏం చేశారు, ఎక్కడ ఆగారు, మీ నుంచి ఏ నిర్ణయం కావాలి.

కంపెనీ అనుమతికి మూడు నాలుగు నెలలు కేటాయించండి. రాతపూర్వకంగానే తీసుకోవాలి, ఎందుకంటే హెచ్ఆర్ మేనేజర్ ఉద్యోగం మారితే నోటిమాట ఆయనతోనే పోతుంది. ఒకటి కాదన్నా పని ఆగకుండా రెండో కంపెనీతో కూడా మొదటి నుంచే మాట్లాడించండి.