మహిళల వికీపీడియా శిబిరం: ఏర్పాట్లు చేసేవారికి

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. 2011లో వికీపీడియాను నడిపే సంస్థ వికీమీడియా ఫౌండేషన్ వివిధ భాషల వికీపీడియాలలో రాసేవారిని సర్వే చేసినప్పుడు వారిలో స్త్రీలు పది శాతం కూడా లేరు. హైదరాబాదు కళాశాలల్లో శిబిరాలు పెట్టేవారు శిక్షణ లేకపోవడమే దీనికి కారణమనుకుంటారు గాని, నేను చూసినంతవరకు చక్కగా నేర్చుకున్నవారు సైతం మొదటి వారంలోనే మానుకుంటున్నారు. అందువల్ల ఏర్పాట్లన్నీ ఆ వారాన్ని దృష్టిలో పెట్టుకొని చేయాలి.

శిబిరానికి రెండు రోజుల ముందే ఎవరింట్లో వారిని ఖాతా తెరుచుకోమనండి. ఒకే వైఫై నుంచి రోజుకు ఆరు ఖాతాలకు మించి తెరవనివ్వరు కాబట్టి, హాలులో మొదలుపెడితే ఏడో అమ్మాయి దగ్గర పని ఆగిపోతుంది. అంతకన్నా ముఖ్యమైనది వాడుకరి పేరు. చేసిన ప్రతి దిద్దుబాటు పక్కన, వ్యాసపు చరిత్రలో, ఆ పేరు అందరికీ కనిపిస్తూనే ఉంటుంది. మేము మొదటిసారి శిబిరం పెట్టినప్పుడు ఒకామె ఇంటిపేరుతో సహా పూర్తి పేరు పెట్టుకొని, వాడుకరి పేజీలో కళాశాల, చదివే సంవత్సరం కూడా రాసుకుంది. మూడో రోజుకల్లా ఒక అపరిచితుడు ఆమెను ఫేస్‌బుక్కులో వెతికి పట్టుకొని, "మీ వ్యాసాన్ని నేనే సరిచేశాను, ఒకసారి మాట్లాడవచ్చా?" అని రాశాడు. ముందుగా హెచ్చరించకపోవడం మా తప్పే. పువ్వు పేరో, రాగం పేరో పెట్టుకుంటే చాలు. తరువాత పేరు మార్పించుకోవచ్చు గాని, చర్చా పేజీల్లో పాత సంతకాలు అలాగే మిగిలిపోతాయి. వికీ ద్వారా ఎవరికైనా ఈమెయిలు పంపితే మన చిరునామా వారికి తెలుస్తుంది కనుక, దీనికోసం వేరే ఈమెయిలు తెరుచుకోవాలి. వికీపీడియా ఫోటోలను భద్రపరిచే కామన్స్‌లో పెట్టిన ఫోటోను ఎవరైనా, వ్యాపారానికైనా, వాడుకోవచ్చు కాబట్టి, అడగకుండా గ్రూప్ ఫోటో ఎక్కించవద్దు.

ఏమి రాయాలన్నది తరువాతి చిక్కు. డోనా స్ట్రిక్‌లాండ్ మీద రాసిన చిత్తుప్రతిని 2018 మేలో ఇంగ్లీషు వికీపీడియా సమీక్షలో ప్రాముఖ్యత చాలదని తిరస్కరించారు. అక్టోబరులో ఆమెకు భౌతికశాస్త్రంలో నోబెల్ ప్రకటించేదాకా వ్యాసమే లేదు. ఆమెతో బహుమతి పంచుకున్న జెరార్డ్ మూరూకు మాత్రం అంతకుముందే ఉంది. మన దగ్గర స్త్రీల గురించిన ఆధారాలు చాలావరకు గూగుల్‌కు దొరకవు, అచ్చు కాగితాల్లోనే ఉంటాయి. కాబట్టి 1901లో స్థాపించిన, సుల్తాన్ బజారులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వంటి గ్రంథాలయంలో ఒక పూట గడిపి, మూలాల పుట సంఖ్యలు రాసుకున్నాకే కంప్యూటరు ముందు కూర్చోబెట్టండి. రెండు మంచి మూలాలున్న వ్యాసాన్ని తొలగించడం అంత తేలిక కాదు. మొదటి వాక్యాన్ని గట్టిగా చదివించండి. "ఫలానావారి సతీమణి" అని మొదలైతే కొట్టేయించి, "టి.ఎన్. సదాలక్ష్మి 1960 నుంచి 1962 వరకు ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఉపసభాపతిగా పనిచేశారు" అన్నట్టు, ఆమె చేసిన పనితో మొదలుపెట్టించండి. పెళ్ళి సంగతి కుటుంబ విభాగంలో ఎలాగూ వస్తుంది.

తెలుగు వికీలో అందరూ చర్చించుకునే పేజీ పేరు రచ్చబండ. ఊళ్ళో రచ్చబండ మీద ఆడవాళ్ళు ఎప్పుడు కూర్చున్నారని ఒక విద్యార్థిని అడిగితే నాకు జవాబు తోచలేదు. అక్కడ మాట్లాడడానికి జంకేవారు ఉంటారు కాబట్టి, ఇద్దరు ముగ్గురికి ఒక అనుభవజ్ఞురాలిని జతచేసి, ఆ వారమంతా వారి చర్చా పేజీలను ఆమె వీక్షణ జాబితాలో (పేజీల్లో మార్పులు జరిగితే చూపించే జాబితా) పెట్టించండి. వ్యాసానికి తొలగింపు మూస (తొలగించాలని పెట్టే నోటీసు) పడితే, వ్యాసాన్ని రాసినవారి ప్రయోగశాలకు (చిత్తుగా రాసుకునే పేజీకి) తరలించమని ఆమే అడగాలి.

వేధింపు జరిగితే వికీలోని మాటలకు "తేడా" లంకెను (ఆ దిద్దుబాటులో ఏం మారిందో చూపే లంకె), వాట్సాప్ సందేశాలకు స్క్రీన్‌షాట్లను దాచుకోవాలి. ఎవరైనా ఫోను నంబరు, చిరునామా బయటపెడితే రచ్చబండలో ఫిర్యాదు చేయవద్దు, చూడనివారు కూడా వచ్చి చూస్తారు. వాటిని దాచగల స్టీవార్డులకు (అన్ని వికీల్లోనూ ప్రత్యేక అధికారాలున్న వాడుకరులు) ఈమెయిలు రాయాలి. వద్దన్నా వెంటపడి సంప్రదించడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. నగరంలో 2014 నుంచి మహిళల భద్రత కోసం పోలీసుల షీ టీమ్స్ ఉన్నాయి. ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. స్టేషనుకు తోడు వెళ్ళడం మాత్రం నిర్వాహకుల పని.

శిబిరాన్ని సాయంత్రం నాలుగింటికే ముగించండి. ఎనిమిదో రోజున ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, చర్చా పేజీలో ఎవరేమి రాశారో చదివి వినిపించమనండి.