పసిపాపతో, పాత స్నేహితులతో ఎండాకాలంలో ఒక్కపూట షికారు

ముందే చెప్పేస్తున్నా, రోజంతా ప్లాన్ వేసుకోకండి. ఒక్కపూట చాలు.

మేం రెండుసార్లు వెళ్లాం. మొదటిసారి పాపకి ఐదు నెలలు. హాస్టల్లో ఒకే గదిలో ఉన్న నలుగురం చాలా ఏళ్ల తర్వాత ఒక ఆదివారం కలుద్దామనుకున్నాం. పెళ్లిళ్లు కాకముందు ఎలా వెళ్లేవాళ్లమో అలాగే అనుకున్నాం: పదింటికి బయల్దేరడం, చెరువు పక్కన తోటలో భోజనాలు, పొద్దుగూకాక ఇంటికి రావడం. తీరా చూస్తే మధ్యాహ్నం మూడింటికల్లా నేను, మా ఆవిడ, ఏడ్చి ఏడ్చి ఎర్రబడిపోయిన పాప ఇంట్లో ఉన్నాం. స్నేహితులతో నేను మాట్లాడింది మొత్తం కలిపినా పావుగంట ఉండదు. రెండోసారి పాపకి ఎనిమిది నెలలప్పుడు వెళ్లాం. అదే తోట, అదే మనుషులు. ఈసారి పాప హాయిగా ఆడుకుంది, మేం కడుపు నిండా కబుర్లు చెప్పుకున్నాం. ఈ రెంటి మధ్య మేం మార్చుకున్నవే ఇక్కడ రాస్తున్నాను.

అన్నిటికంటే పెద్ద మార్పు టైము. ఉదయం 10 నుంచి సాయంత్రం 4 దాకా ఎండ పసిపిల్లలకి పనికిరాదు. కాబట్టి మిగిలేది పొద్దున్న పూట, లేకపోతే సాయంత్రం పూట. సాయంత్రమైతే దోమలు, పైగా ఆ వేళకి పిల్లలకి ఊరికే చిరాకు. మేం పొద్దున్నే ఎంచుకున్నాం. ఆరున్నరకి తోటలో ఉండాలి, పదింటికి కారెక్కాలి. అందరూ కలిసే చోటు ఇంటికి గంటలోపు దూరంలో ఉండాలని కూడా అప్పుడే తేల్చుకున్నాం.

"ఆదివారం ఆరున్నరకా? మనిషివేనా నువ్వు?" అన్నాడు మావాళ్లలో ఒకడు. అనుకున్న టైముకి ఏనాడూ రాని మనిషి వాడు. పాత స్నేహితులతో ఇదొక చిక్కు. వాళ్లు ఆలస్యంగా రావడం అలవాటే, మనం ఎదురుచూడటమూ అలవాటే. పాపతో మాత్రం ఎదురుచూపులు కుదరవు. అందుకని "మేం ఆరున్నర నుంచి పదింటి దాకా అక్కడుంటాం, ఎవరెప్పుడొచ్చినా సరే, పదింటికి మాత్రం లేస్తాం" అని ముందు రోజే మెసేజ్ పెట్టాను. అలా చెప్పేస్తే ఎవరి మీదా కోపం రాదు. వాడు ఎనిమిదింటికి వచ్చాడు. దాదాపు రెండు గంటలు దొరికాడు, చాలు.

ఇక నీడ సంగతి. మొదటిసారి పదకొండింటికి వెళ్లి, ఎక్కడ నీడ కనబడితే అక్కడ చాప పరిచాం. ఒంటిగంట దాటేసరికి సగం చాప ఎండలో ఉంది. జరిపాం. అరగంటకి మళ్లీ జరిపాం. ప్రతిసారీ పాపని ఎత్తడం, సామాను తీయడం, అప్పుడే కన్నంటుకున్న పిల్ల లేవడం. చిన్నప్పుడు చదువుకున్నదే గానీ చాప పరిచేటప్పుడు గుర్తురాలేదు: పొద్దున నీడ చెట్టుకి పడమర వైపు పొడుగ్గా పడుతుంది, ఎండెక్కేకొద్దీ మొదలు వైపుకి ముడుచుకుంటుంది, మధ్యాహ్నం దాటాక తూర్పుకి జరుగుతుంది. పొద్దున వెళ్లేవాళ్లు గుబురుగా ఉన్న చెట్టు చూసుకుని, పడమర వైపు, మొదలుకి దగ్గరగా చాప వేసుకుంటే పదింటి దాకా కదలక్కర్లేదు. పరిచే ముందు కింద చీమలున్నాయేమో, పైన తేనెపట్టు ఉందేమో ఒకసారి చూడండి.

నీడలో ఉన్నా నీళ్ల మీద నుంచి, ఇసుక మీద నుంచి ఎండ తిరిగి కొడుతుంది. అంచున్న టోపీ, చేతులూ కాళ్లూ కప్పే వదులైన నూలు బట్టలు వేయండి. ఆరు నెలల్లోపు పిల్లలకి సన్‌స్క్రీన్ మీద ఆధారపడకూడదు, నీడే మందు. ఆరు నెలలు దాటాక బట్టలు కప్పని చోట ఎస్పీఎఫ్ 30 ఉన్నది రాసి, రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. ముందు రోజు చేతి మీద కాస్త రాసి చూసుకుంటే దద్దుర్లు వచ్చేదీ లేనిదీ తెలిసిపోతుంది. ఎండ పడకుండా పిల్లని తోసుకెళ్లే బండి మీద పల్చటి గుడ్డ కప్పేస్తుంటారు చాలామంది, మేమూ కప్పాం. లోపల చెయ్యి పెట్టి చూస్తే ఆవిరి గదిలా ఉంది. గాలి ఆడక వేడి లోపలే నిలిచిపోతుంది. అప్పటి నుంచి బండికి గొడుగు కట్టుకుంటున్నాం.

కారు దగ్గర జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. మొదటిసారి తిరిగొచ్చేటప్పుడు కారు మూడు గంటలు ఎండలో నిలబడి ఉంది. పాపని పిల్లల కారు సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టాను, కెవ్వుమంది. బెల్టు బకిల్‌కి ఉన్న ఇనుప ముక్క తొడకి తగిలింది. ఎర్రటి మచ్చ రెండు రోజులు పోలేదు. ఇప్పుడు కారు దిగగానే సీటు మీద తెల్లటి దుప్పటి కప్పుతాను. ఎక్కించే ముందు తలుపులన్నీ తీసి, ఏసీ ఐదు నిమిషాలు వేసి, బకిల్‌ని నా చేత్తో తాకి చూస్తాను. పిల్లల సీటు ఎప్పుడూ వెనక్కి తిరిగి ఉండేలా, వెనక సీట్లోనే బిగించాలి. ఒళ్లో కూర్చోబెట్టుకుంటే చాలనుకోవద్దు. బ్రేకు గట్టిగా పడితే ఎంత బలమున్న చేతులైనా పిల్లని ఆపలేవు. ఒకవేళ దూరం వెళ్లాల్సొస్తే రెండు గంటలకోసారి ఆగి, పిల్లని సీట్లోంచి తీసి కాసేపు పడుకోబెట్టండి.

"నిద్రపోయింది కదరా, కార్లోనే ఉండనీ, అద్దాలు కాస్త దించి వచ్చేయ్" అన్నాడు ఇంకొకడు. మంచి మనసుతోనే అన్నాడు, వాడికింకా పిల్లల్లేరు. ఎండలో ఆపిన కారు లోపల పది నిమిషాల్లోనే దాదాపు 10 డిగ్రీల వేడి పెరుగుతుంది, అద్దాలు దించినా పెద్ద తేడా ఉండదు. పసిపిల్లల ఒళ్లు మనకంటే మూడు నుంచి ఐదు రెట్లు త్వరగా వేడెక్కుతుంది. ఒక్క నిమిషం కూడా వదలొద్దు. నిద్ర చెడినా పరవాలేదు, ఎత్తుకుని తీసుకెళ్లండి.

పాల విషయానికొస్తే, ఆరు నెలల్లోపు పిల్లలకి ఎంత ఎండైనా నీళ్లు పట్టకూడదు. పాలల్లోనే కావాల్సిన నీళ్లుంటాయి. విడిగా నీళ్లు పడితే కడుపు నిండి పాలు తాగరు, ఒంట్లో సోడియం, అంటే ఉప్పు, పల్చబడే ప్రమాదం కూడా ఉంది. "గొంతెండిపోతోందేమో పాపం, రెండు చుక్కలు పట్టండి" అనేవాళ్లు ప్రతి గుంపులోనూ ఉంటారు. నవ్వేసి పాలు పట్టండి. ఎండాకాలంలో మామూలుకంటే ఎక్కువసార్లు పట్టాలి. ఆరు నెలలు దాటితే కాచి చల్లార్చిన నీళ్లు మధ్యమధ్యలో గుక్కెడు పట్టొచ్చు.

పిండిన తల్లిపాలు 25 డిగ్రీల దాకా బయట నాలుగు గంటలు నిలుస్తాయంటారు, కానీ మన ఎండాకాలం 25 డిగ్రీల దగ్గర ఆగదుగా. ఐస్ ప్యాకులు పెట్టిన డబ్బాలో అయితే 24 గంటలు భయంలేదు. పొడిపాలు తాగే పిల్లలైతే కొలిచిన పొడి ఒక తడిలేని డబ్బాలో, వేడినీళ్లు ఫ్లాస్కులో విడివిడిగా పట్టుకెళ్లి, ఆకలేసినప్పుడే కలిపి, చల్లార్చి పట్టండి. కలిపాక రెండు గంటలు, నోరు పెట్టాక ఒక్క గంట, అంతే. మిగిలింది ఎంతైనా పారబోయాల్సిందే. మా ఆవిడ పాలిస్తుంది కాబట్టి మాకు సామాను తక్కువ. ఆ టైములో మగాళ్లం నలుగురం గట్టు వైపు నడక కట్టాం. ఎవరూ ఎవరినీ లెమ్మని అనక్కర్లేదు, పెద్దవాళ్లమయ్యాం కదా.

ఇప్పుడు అసలు సంగతి. రెండోసారి అన్నీ బాగా జరిగాయన్నాను గానీ, ఒక్కటి జరగలేదు. ఆరుగురు పెద్దవాళ్లం చాప చుట్టూ ఉన్నాం. పాప అప్పుడప్పుడే పాకుతోంది. నేనేమో మావాళ్లలో ఒకడి ఒళ్లో ఉందనుకున్నాను. వాడు మా ఆవిడ తీసుకుందనుకున్నాడు. మా ఆవిడ ఫ్లాస్కు మూత బిగిస్తోంది, నేను చూస్తున్నాననుకుంది. హాస్టల్ రోజుల సంగతేదో చెప్పుకుని అందరం పడీపడీ నవ్వుతున్నాం. నవ్వుతూనే పక్కకి తిరిగాను. చాప చివర, చేతులు కడుక్కోవడానికి పెట్టుకున్న సగం బకెట్టు నీళ్లు. దాని అంచు రెండు చేతుల్తో పట్టుకుని, మోకాళ్ల మీద లేచి, లోపలికి తొంగి చూస్తోంది పాప. నేను వెళ్లి పట్టుకునే దాకా ఇంకెవరూ చూడలేదు.

పసిపిల్లలు మునగడానికి చెరువు అక్కర్లేదు, 5 సెంటీమీటర్ల నీళ్లు చాలు. చప్పుడు కూడా రాదు. చుట్టూ అందరూ ఉన్నారన్న ధైర్యమే మా కళ్లు కప్పింది. ఎవరికి వాళ్లు ఇంకొకరు చూస్తున్నారనుకున్నాం.

బకెట్టు అప్పుడే ఒంపేశాం. ఆ తర్వాత ఒక పద్ధతి పెట్టుకున్నాం. పాపని ఇచ్చేవాళ్లు "పాప నీ దగ్గర" అని పైకే అనాలి, తీసుకున్నవాళ్లు జవాబు చెప్పాలి. జవాబు రాకపోతే పాప ఇంకా ఇచ్చినవాళ్ల దగ్గరున్నట్టే లెక్క. ఆ జవాబుని మావాళ్లు హాస్టల్ అటెండెన్సు చేసేశారు. "పాప నీ దగ్గర" అంటే "ప్రెజెంట్ సార్!" పాపకి కూడా అది తెగ నచ్చింది, అన్నప్పుడల్లా కిలకిలా నవ్వింది. ఫోన్ మోగినా, నీళ్లు తాగడానికి లేచినా సరే, ముందు పాపని అప్పజెప్పాలి. చూసేవాళ్లు చేతికందేంత దూరంలోనే ఉండాలి. ఈ వ్యాసంలో ఒక్కటే పాటిస్తానంటే ఇదే పాటించండి.

ఎత్తుకునే స్నేహితులకి మొహమాటపడకుండా నాలుగు మాటలు ముందే చెప్పండి. చేతులు కడుక్కోవాలి, జలుబున్నవాడు ఈసారికి రాకపోతేనే మేలు. పైకి ఎగరేయకూడదు. సిగరెట్ తాగొచ్చినవాడికి పాపని ఇవ్వకూడదు, పొగ చొక్కాకి పట్టి ఉంటుంది. అడగకుండా నోట్లో ఏమీ పెట్టకూడదు. ముఖ్యంగా ఏడాది నిండే దాకా తేనె నాకించకూడదు, గింజల్లాంటి గట్టివి, గుండ్రటివి గొంతుకి అడ్డం పడతాయి. ఎనిమిది నెలల వయసులో కొత్త మొహం చూస్తే ఏడుపొస్తుంది. దాన్ని మనసులో పెట్టుకోవద్దని వాళ్లకి చెప్పండి. గడ్డం పెంచినవాడిని చూసి మా పాప గుక్కపట్టి ఏడ్చింది. వాణ్ని మా పక్కనే ఊరికే కూర్చోమన్నాం. అరగంటకి తనే పాక్కుంటూ వెళ్లి ఆ గడ్డం పీకింది.

సంచి రాత్రే సర్దేయండి. డైపర్లు ఐదారు, పాపకి రెండు జతలు, ఎత్తుకునేవాళ్లకి ఒక చొక్కా (దీన్ని అందరూ మర్చిపోతారు), తడి తుడుపులు, మాసిన బట్టలకి కవరు, థర్మామీటరు, అటు దగ్గర్లో ఉన్న ఆసుపత్రి నంబరు. దోమలకి వల అన్నిటికంటే మంచిది. రెండు నెలల్లోపు పిల్లలకి దోమల క్రీములేవీ రాయకండి. చెమటకాయలకని పౌడరు దట్టించకండి, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒళ్లు తడిగుడ్డతో తుడిచి గాలి తగలనిస్తే చాలు.

పిల్లకి వేడి చేసిందో లేదో చేతులు కాళ్లు పట్టుకుంటే తెలియదు, మెడ వెనక పట్టుకుని చూడండి. ఆరు గంటలుగా డైపరు తడవకపోయినా, ఏడుస్తుంటే కన్నీళ్లు రాకపోయినా, నోరు ఎండినా, మాడు గుంటపడినా, పిలిస్తే పలక్కుండా వాలిపోతున్నా ఇంక అక్కడ ఉండొద్దు. బట్టలు వదులు చేసి, తడిగుడ్డతో తుడుస్తూ, తాగగలిగితే పాలిస్తూ ఆసుపత్రికి బయల్దేరండి. మూడు నెలల్లోపు పిల్లకి 38 డిగ్రీలు ఉన్నా, దాటినా ఇంకేమీ ఆలోచించకుండా డాక్టరు దగ్గరికే.

లేవడం ఎప్పుడన్నది పాపే చెబుతుంది. ఏడుపు మొదలయ్యేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. మా పాప నిద్రొచ్చే ముందు కుడి చెవి నలుపుకుంటుంది. ఆ రోజు తొమ్మిది నలభైకి చెవి మీద చెయ్యి పడింది. గడ్డంవాడు వార్డెన్ గారి కుక్క సంగతి మొదలుపెట్టి సగంలో ఉన్నాడు. "ఇంకో పది నిమిషాలురా" అన్నాడు. నేను చాప చుట్టేశాను. కారు దాకా సంచి మోసుకుంటూ చెబుతూనే వచ్చాడు గానీ అయిపోలేదు. పాప మాత్రం మలుపు తిరక్కముందే నిద్రపోయింది.

మిగతా సగం రాత్రి పాప పడుకున్నాక ఫోన్లో చెప్పాడు. మీరైతే ఆ ఫోను డాబా మీదికెళ్లి మాట్లాడండి. పక్కగదిలోంచి వినబడ్డ నా నవ్వుకే పాప లేచి కూర్చుంది.