హైదరాబాద్ తిరిగొచ్చారా? 401కె డబ్బును రాత్‌కు మార్చాలో వద్దో తేల్చుకోవడం ఎలా

అమెరికాలో చాలాకాలం ఉద్యోగం చేసి కొండాపూర్‌లోనో మణికొండలోనో స్థిరపడ్డవాళ్లకు 401కె ఖాతా, అంటే అక్కడి కంపెనీ ద్వారా రిటైర్మెంట్ కోసం దాచుకున్న డబ్బు, తెగని లెక్క. మామూలు 401కెలో డబ్బు తీసినప్పుడు పన్ను కట్టాలి. రాత్ ఐఆర్‌ఏకు (మన పేరు మీద విడిగా తెరుచుకునే రిటైర్మెంట్ ఖాతాకు) మారిస్తే పన్ను ఇప్పుడే కట్టేస్తాం. తర్వాత నిబంధనల ప్రకారం తీసుకుంటే అమెరికాలో పన్ను ఉండదు. 2018 నుంచి ఒకసారి మార్చాక వెనక్కి తిప్పుకునే వీల్లేదు. అందుకే సీఏ దగ్గరికి వెళ్లేముందే కొన్ని విషయాలు తేల్చుకోండి.

1. ఇండియాలో మీ హోదా ఏమిటి?

గత 10 ఏళ్లలో 9 ఏళ్లు నాన్ రెసిడెంట్‌గా ఉన్నా, గత 7 ఏళ్లలో ఇక్కడ గడిపింది 729 రోజులు మించకపోయినా మీరు ఆర్ఎన్ఓఆర్, అంటే ఇక్కడ రెసిడెంటే అయినా 'సాధారణ రెసిడెంట్' కాదు. సాధారణంగా ఇది రెండేళ్లు, ఒక్కోసారి మూడేళ్లు ఉంటుంది. ఆ కాలంలో విదేశీ ఆదాయానికి మామూలుగా ఇక్కడ పన్ను పడదు. మార్చాలంటే అదే అదను.

క్యాలెండర్‌ను కూడా వాడుకోండి. అమెరికా పన్ను సంవత్సరం జనవరిలో మొదలవుతుంది, మనది ఏప్రిల్‌లో. మీ ఆర్ఎన్ఓఆర్ గడువు 2027 మార్చి 31తో ముగుస్తుంటే, 2026లో కొంత, 2027 జనవరి-మార్చి మధ్య ఇంకొంత మార్చుకోవచ్చు. అక్కడి లెక్కలో అవి రెండు వేర్వేరు సంవత్సరాలు.

2. అసలు పన్నెంత?

ఇద్దరూ అమెరికా పౌరులైన దంపతులు, వేరే ఆదాయం లేదనుకుందాం. 2025 లెక్కన వాళ్లకు స్టాండర్డ్ డిడక్షన్ 31,500 డాలర్లు. ఆపైన 23,850 డాలర్ల వరకు 10 శాతమే. అంటే 55,350 డాలర్లు మారిస్తే ఫెడరల్ పన్ను 2,385 డాలర్లు. మంచి జీతంలో ఉన్నప్పుడు ఈ బేరం దొరకదు. కాకపోతే ఇక్కడి ఫ్లాట్ అద్దె, ఎఫ్‌డీ వడ్డీ కూడా అమెరికా రిటర్న్‌లో కలపాలి. చాలామంది మర్చిపోయేది ఇక్కడే. గ్రీన్ కార్డు కూడా లేక నాన్ రెసిడెంట్‌గా ఫైల్ చేసేవాళ్లకు సాధారణంగా ఆ డిడక్షన్ ఉండదు, లెక్క మారిపోతుంది.

3. పన్ను డబ్బు ఎక్కడినుంచి?

విడిగా ఉండాలి. 59న్నర ఏళ్లు నిండకుండా ఆ ఖాతాలోంచే తీసి పన్ను కడితే, తీసిన దానిపై మామూలుగా 10 శాతం పెనాల్టీ. విడిగా డబ్బు లేకపోతే మార్చే ఆలోచన వదిలేయండి.

4. ఖర్చు పెట్టేది ఏ దేశంలో?

ఆర్ఎన్ఓఆర్ ముగిశాక ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా ఇక్కడ లెక్కలోకి వస్తుంది. పాత ఆదాయపన్ను చట్టంలో 89ఎ సెక్షన్‌గా ఉన్న వెసులుబాటు (ఖాతాలో పెరిగే ఆదాయంపై ఇక్కడి పన్నును డబ్బు తీసేదాకా వాయిదా వేసేది), డబ్బు తీసినప్పుడు అక్కడ పన్నుపడే ఖాతాల కోసం పెట్టింది. రాత్‌లో తీసినప్పుడు అక్కడ పన్నే ఉండదు కాబట్టి అది ఇందులో సరిగా ఇమడదు. నన్నడిగితే, ఇక్కడే ఉండి ఇక్కడే ఖర్చుపెట్టేవాళ్లకు రాత్ మీద మోజు అనవసరం.

5. తర్వాత ఎవరికి వెళ్తుంది?

పిల్లలు అక్కడే పెద్ద జీతంలో ఉంటే రాత్ నిజంగా మేలు. తల్లిదండ్రుల ఖాతాను ఎదిగిన పిల్లలు సాధారణంగా పదేళ్లలో ఖాళీ చేయాలి. మామూలు ఐఆర్‌ఏ అయితే ఆ మొత్తం వాళ్ల జీతంమీద చేరి పై శ్లాబులో పన్ను పడుతుంది.

వారసత్వ పన్ను వేరే సంగతి. మన దగ్గర ఎస్టేట్ డ్యూటీ 1985లోనే పోయింది. అమెరికాలో మాత్రం, పౌరసత్వం లేకుండా శాశ్వత నివాసం ఇండియాలో ఉన్నవారికి అక్కడి ఆస్తిలో 60,000 డాలర్ల వరకే మినహాయింపు. పై మొత్తంపై గరిష్ఠంగా 40 శాతం. రాత్‌కు మార్చినా అది అమెరికా ఆస్తే, కాబట్టి ఈ భయంతో మార్చడంలో అర్థం లేదు.

మార్చినా మార్చకపోయినా బెనిఫిషియరీ ఫారం (మీ తర్వాత డబ్బు ఎవరికో రాసేది) చూసుకోండి. అక్కడ వీలునామా కన్నా ఆ ఫారందే పైచేయి. 401కె నుంచి ఐఆర్‌ఏకు మారినప్పుడు పాత ఫారం వెంట రాదు, కొత్త ఖాతాకు మళ్లీ నింపాలి.