ఇల్లు వదలనంటున్న వారిని తరలించడం ఎలా?

వరద, తుపాను, కార్చిచ్చు, విషవాయువు లీకు వంటి ప్రమాదాల్లో ఒక ప్రాంతాన్ని ఖాళీ చేయించేటప్పుడు చాలామంది మొదటి మాటకే కాకపోయినా రెండో మాటకో మూడో మాటకో బయలుదేరుతారు. కొందరు మాత్రం గుమ్మంలోనే నిలబడి "మీరు వెళ్లండి, మాకేం కాదు" అంటారు. ఇంటింటికీ తిరిగే సిబ్బందికి, వాలంటీర్లకు, పక్కింటివారికి అసలు పని అక్కడే మొదలవుతుంది. ఈ వ్యాసం వారి కోసం. రానన్న మనిషితో ప్రమాదం ఎంత పెద్దదో వాదిస్తూ కూర్చోవడం కంటే, ఆ మనిషిని ఇంటికి కట్టి ఉంచుతున్నది ఏమిటో అడిగి తెలుసుకుని, చేతనైతే దాన్ని అక్కడికక్కడే తీర్చడం ఎక్కువ ఫలితం ఇస్తుంది. ఇందులో చెప్పబోయే పద్ధతులన్నీ ఆ నమ్మకం మీదే ఆధారపడి ఉన్నాయి.

ఆ 'రాను' వెనుక ఏముంది?

అందరూ అనే మాట ఒకటే అయినా కారణాలు వేరువేరుగా ఉంటాయి. ఒకరికి గత అనుభవం అడ్డు వస్తుంది. "ఇంతకంటే పెద్ద వరదే చూశాం, గడప దాటి లోపలికి రాలేదు" అంటారు. మరొకరికి దొంగల భయం ఉంటుంది. ఇంకొకరి ఇంట్లో మంచం దిగలేని మనిషి ఉంటారు. ఆ మనిషిని ఎలా కదిలించాలో తెలియక, ఆ సంగతి కొత్తవారి ముందు చెప్పుకోలేక ఇంటిల్లిపాదీ ఉండిపోతారు. బండి లేనివారు, చేతిలో డబ్బు లేనివారు, పనికి వెళ్లకపోతే ఉద్యోగం పోతుందని భయపడేవారు, బయటికి వెళ్లిన కొడుకో కూతురో వస్తారని ఎదురుచూసేవారు, అధికారుల కంట పడడమే ఇష్టం లేనివారు కూడా పైకి అదే మాట అంటారు. పునరావాస కేంద్రంలో మరుగుదొడ్లు ఎలా ఉంటాయో, ఆడవాళ్లకు చాటు ఉంటుందో లేదో, అక్కడ తమను ఎవరైనా చులకనగా చూస్తారేమో అన్న బెంగ కొందరిని ఆపుతుంది. ఆ బెంగ ఊరికే పుట్టినది కాదు కనుక దాన్ని తేలికగా తీసిపారేయకూడదు.

పెంపుడు జంతువుల విషయం విడిగా చెప్పుకోవాలి. 2005లో అమెరికాలో కత్రినా హరికేన్ వచ్చినప్పుడు కుక్కలనూ పిల్లులనూ వెంట తీసుకురానివ్వరని తెలిసి ఎందరో ఇళ్లలోనే ఉండిపోయారు. ఆ అనుభవం తరువాత 2006లో, తరలింపు ప్రణాళికల్లో జంతువులకు కూడా ఏర్పాట్లు ఉండాలని అక్కడ ప్రత్యేకంగా చట్టమే చేశారు. ఒక జంతువు కోసం మనిషి ప్రాణం మీదికి తెచ్చుకోవడం మూర్ఖత్వమని గుమ్మంలో నిలబడి అనడం సులువే గాని, దానివల్ల ఒక్కరు కూడా కదలరు. జంతువులను అనుమతించే కేంద్రం ఎక్కడ ఉందో, కుక్కకు గొలుసు, పిల్లికి బుట్ట ఎవరి దగ్గర దొరుకుతాయో ముందే తెలుసుకుని వెళితే కదులుతారు.

కారణం ఏదీ లేకుండా, ఉన్నచోటే పోతానని నిశ్చయించుకున్నవారు కూడా ఉంటారు. 1980లో అమెరికాలోని సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతం మేల్కొన్నప్పుడు, స్పిరిట్ సరస్సు ఒడ్డున లాడ్జి నడిపే 83 ఏళ్ల హ్యారీ ట్రూమన్ ఎవరెంత చెప్పినా కదలలేదు. అర్ధ శతాబ్దానికి పైగా ఆయన జీవితమంతా ఆ సరస్సు దగ్గరే గడిచింది. విలేకరులు వరుస కట్టి వచ్చారు, ఆయన పేరు దేశమంతా మారుమోగింది. మే 18న పర్వతం పేలినప్పుడు మరణించిన 57 మందిలో ఆయన ఒకరు. కెమెరాల ముందు పదిసార్లు "రాను" అన్న మనిషికి పదకొండోసారి "వస్తాను" అనడం ఎంత కష్టమో ఊహించవచ్చు. అందుకే మొండికేసిన వారితో నలుగురి ఎదుట మాట్లాడవద్దని, ఫోన్లలో వీడియో తీసేవారిని ముందుగా దూరంగా పంపించాలని గట్టిగా చెప్పవలసి వస్తోంది. మాట మార్చుకున్నా పరువు పోదన్న భరోసా కలిగితే సగం మంది మెత్తబడతారు.

గుమ్మం దగ్గర ఎలా మాట్లాడాలి?

ఇద్దరుగా వెళ్లాలి, వారిలో ఒకరు ఆ వీధికి తెలిసిన ముఖం అయితే మంచిది. హెచ్చరిక విన్న మనిషి వెంటనే బయలుదేరడు. టీవీ చూస్తాడు, బంధువులకు ఫోన్ చేస్తాడు, పక్కింటివారు ఏం చేస్తున్నారో కిటికీలోంచి చూస్తాడు. విపత్తు హెచ్చరికల మీద దశాబ్దాల పాటు పరిశోధన చేసిన అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త డెన్నిస్ మిలెటి వంటివారు ఈ తీరును వివరంగా నమోదు చేశారు. దీన్ని మొండితనంగా చూడకూడదు, అది నిర్ధారించుకునే ప్రయత్నం. అందువల్ల మీ మాట, రేడియో మాట, పక్కింటివారి మాట ఒకటే అయి ఉండాలి. ఏం రాబోతోంది, ఏ వీధి వరకు వస్తుంది, ఎన్ని గంటలకల్లా బయలుదేరాలి, ఎక్కడికి ఏ దారిన వెళ్లాలి, ఈ సంగతి చెబుతున్నది ఎవరు అన్న ఐదూ అందులో ఉండాలి. "త్వరగా ఖాళీ చేయండి" అన్న దానిలో ఈ ఐదింటిలో ఒక్కటీ లేదు.

ఆ తరువాత అడగవలసిన ప్రశ్న ఒక్కటే: "మీరు బయలుదేరడానికి ఇప్పుడు ఏది అడ్డుగా ఉందండీ?" అడిగాక కాసేపు ఆగాలి. మొదట వచ్చే జవాబు చాలాసార్లు అసలు జవాబు కాదు. ఇలా జరుగుతుందనుకోండి: తలుపు సగమే తెరిచిన పెద్దాయన తాళంచెవుల గుత్తి పిడికిట్లో బిగించి పట్టుకుని, "ఎన్ని తుపానులు చూశానో, మీరు కుర్రాళ్లు" అంటాడు. ఆయనతో తుపాను గురించి మాట్లాడకుండా "లోపల ఇంకెవరున్నారు పెద్దాయనా?" అని అడగాలి. లోపల నుంచి ఆక్సిజన్ యంత్రం చప్పుడు వినిపిస్తుంది. ఆయన భార్య దాని మీదే ఊపిరి తీసుకుంటోంది. దారిలో కరెంటు ఉండదు, కేంద్రంలో ఉంటుందో లేదో తెలియదు. అసలు అడ్డు అదీ. ఇప్పుడు చేయవలసింది సిలిండరు ఉన్న అంబులెన్సును పిలిపించడం, ఆమెను కేంద్రానికి కాకుండా ఆసుపత్రికి చేర్చే ఏర్పాటు చేయడం, ఆయనను ఆమె పక్కనే కూర్చోనిస్తామని చెప్పడం. మాట ఇచ్చే ముందు ఫోన్ చేసి ఖాయం చేసుకోవాలి. "మీ ఇంటికి కాపలా పెడతాం" వంటి జరగని హామీ ఒక్కటి ఇచ్చినా, వచ్చేసారి ఆ వీధిలో ఎవరూ మీ మాట వినరు.

"వస్తారా, రారా?" అని అడిగితే "రాను" అనడం తేలిక. దానికి బదులు "మందులు ఏ సంచిలో పెడదాం?" అని అడిగితే చేతులు పనిలో పడతాయి. మందులు, చీటీలు, గుర్తింపు పత్రాలు, కళ్లద్దాలు, ఛార్జరు సర్దడం మొదలైందంటే మనసు కూడా కదలడం మొదలైందని అర్థం. గడువు విషయంలో నిజమే చెప్పాలి: ఐదింటికి చివరి బస్సు అయితే ఐదనే చెప్పాలి, భయపెట్టడానికి నాలుగు అనకూడదు.

ప్రమాదం తీవ్రత చెప్పవలసి వచ్చినప్పుడు పెద్ద పెద్ద మాటల కంటే కొలతలు నయం. వేగంగా పారే నీరు 15 సెంటీమీటర్ల లోతుంటే చాలు, నిలబడ్డ మనిషిని పడగొడుతుంది. 30 సెంటీమీటర్లు చిన్న కార్లను, 60 సెంటీమీటర్లు దాదాపు అన్ని వాహనాలను ఈడ్చుకుపోగలవు. "నీళ్లు వచ్చాక చూద్దాం" అనేవారికి ఈ లెక్క చెబితే, నీళ్లు వచ్చాక బండి మీద పోవడం కుదరదని వారికే అర్థమవుతుంది. మంటల విషయంలో "మేమే నీళ్లు కొట్టి ఇల్లు కాపాడుకుంటాం" అనేవారికి 2009 ఫిబ్రవరి 7న ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో జరిగినది చెప్పవచ్చు. ముందుగా వెళ్లిపొండి లేదా తగిన సన్నాహంతో ఉండి ఇంటిని కాపాడుకోండి అన్న విధానం అప్పటికి అక్కడ అమల్లో ఉంది. ఆ రోజు చనిపోయిన 173 మందిలో 113 మంది ఇళ్లలోనే మరణించారు. అయితే మంట దగ్గరికి వచ్చాక రోడ్డెక్కడం కూడా అంతే ప్రమాదం కనుక, ఆలస్యంగా వెళ్లమని ఎవరికీ సలహా ఇవ్వకూడదు.

చావు మాట ఎత్తాలా వద్దా అన్న దాని మీద భిన్నాభిప్రాయాలున్నాయి. 2008లో ఐక్ హరికేన్ ముందు, టెక్సాస్ తీరంలోని గాల్వెస్టన్ ప్రాంతంలో పల్లపు ఇళ్లలో ఉండిపోయేవారికి చావు తప్పకపోవచ్చని అక్కడి వాతావరణ శాఖ సూటిగా హెచ్చరించింది. అయినా వేలమంది కదలలేదు. 2017లో హార్వీ హరికేన్ వచ్చినప్పుడు అదే రాష్ట్రంలోని రాక్‌పోర్ట్‌లో ఒక అధికారి, ఉండిపోదలచినవారు చేతి మీద మార్కరుతో పేరు, గుర్తింపు సంఖ్య రాసుకోవాలని కోరాడు. ఈ ఉపాయం కొందరిని కదిలిస్తుందన్నది నిజమే కావచ్చు. నా ఉద్దేశంలో మాత్రం దీన్ని మిగతావన్నీ అయ్యాక, పిల్లలు పక్కన లేనప్పుడు, వెటకారం లేకుండా వాడాలి. బెదిరింపుగా వినిపించిందంటే తలుపు మూసుకుపోతుంది.

ఎంత చెప్పినా రాకపోతే

ఒక్క ఇంటి దగ్గరే గంట గడిపితే ఆ వీధి చివర ఎదురుచూస్తున్న వారికి అన్యాయం జరుగుతుంది. పది నిమిషాల్లో తేలకపోతే వివరాలు రాసుకుని ముందుకు సాగి, సమయం మిగిలితే మళ్లీ రావాలి. రెండోసారి వేరే మనిషిని పంపితే ఇంకా మంచిది. బలవంతంగా తీసుకువెళ్లే అధికారం ఎవరికి ఉందన్నది ఒక్కో దేశంలో ఒక్కో తీరుగా ఉంటుంది. వాలంటీరుకు మాత్రం ఆ అధికారం ఉండదు కనుక చెయ్యి పట్టుకుని లాగకూడదు. ఇంట్లో పసిపిల్లలున్నా, మతిమరుపు వ్యాధి వంటి కారణాల వల్ల సొంతంగా నిర్ణయం తీసుకోలేని పెద్దలున్నా ఆ ఇంటి సంగతి వెంటనే పోలీసులకు తెలియజేయాలి. పెద్దవారు తమ ప్రాణం గురించి తీసుకున్న నిర్ణయం పక్కనున్న పిల్లవాడికి వర్తించదు.

ఉండిపోయేవారి మీద కోపం తెచ్చుకుని వెళ్లిపోవడం వల్ల ప్రయోజనం లేదు. వారు బతికి ఉండే అవకాశాన్ని పెంచడం మన చేతుల్లో ఉంది. ఇంట్లో ఎందరున్నారు, పేర్లు, వయసులు, జబ్బులు, బయట ఉన్న దగ్గరి బంధువు ఫోన్ నంబరు రాసుకోవాలి. ఫలానా సమయం దాటాక ఫోన్ చేసినా ఎవరూ రాలేకపోవచ్చని మెత్తగానే అయినా స్పష్టంగా చెప్పాలి. గాలి గంటకు 65 కిలోమీటర్లు దాటితే చాలాచోట్ల అంబులెన్సులను, అగ్నిమాపక వాహనాలను రోడ్డెక్కనివ్వరు. గ్యాసు కట్టేయించాలి, నీరు ఇంట్లోకి రాకముందే, చేతులు పొడిగా ఉండగానే మెయిన్ స్విచ్ ఆపమనాలి. జనరేటరును ఇంట్లో, వరండాలో నడపవద్దని ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు. వరద అయితే పై అంతస్తుకు, అవసరమైతే డాబా మీదికి వెళ్లమనాలి. బయటికి దారి లేని అటకలోకి ఎక్కవద్దని మరీ మరీ చెప్పాలి. కత్రినాలో పెరిగే నీటికి జడిసి అటకల్లోకి ఎక్కినవారు అక్కడే చిక్కుకుపోయారు, కొందరు కప్పు పగలగొట్టుకుని బయటపడ్డారు. తాగునీరు, టార్చి, ఈల, దూరం నుంచి కనిపించే రంగు గుడ్డ పైన పెట్టుకోమనాలి. మనసు మారితే ఏ నంబరుకు ఫోన్ చేయాలో రాసిన కాగితం చేతికిచ్చి, "ఎప్పుడు పిలిచినా ఏమీ అనుకోం, అప్పటికి దారి ఉంటే తప్పకుండా వస్తాం" అని చెప్పి కదలాలి.

పని ముగిశాక ఉండిపోయినవారి జాబితాను నోటిమాటగా కాకుండా కాగితం మీద సహాయక బృందానికి అప్పగించాలి. ఆ తరువాత తమంతట తాము బయటపడినవారి పేర్లను పునరావాస కేంద్రంలో నమోదైన పేర్లతో సరిచూసి, జాబితా నుంచి ఎప్పటికప్పుడు కొట్టివేయించాలి. లేకపోతే తెల్లవారాక పడవ ఖాళీ ఇంటి ముందు ఆగి కేకలు వేస్తుంటే, రెండు వీధుల అవతల డాబా మీద ఉన్నవారు దాని కోసం ఎదురుచూస్తూ ఉంటారు.