మోకీలు ఆపరేషన్ అయ్యాక కాలు తిన్నగా రావడం లేదా? ముందు దిండు సంగతి చూడండి

సమస్య: మోకాలి మార్పిడి అయి నెల రోజులు కావస్తోంది. కాలు బాగానే వంగుతోంది, చాపితే మాత్రం పూర్తిగా తిన్నగా రాదు. నడకలో కుంటు. ఇంప్లాంట్ (లోపల అమర్చిన కృత్రిమ కీలు) సరిగ్గా కూర్చోలేదేమోనని ఇంట్లో అందరికీ టెన్షన్, మళ్లీ ఎక్స్‌రే. రెండు నిమిషాల పరీక్ష మాత్రం ఎవరూ చేయరు.

పేషెంటును వెల్లకిలా పడుకోబెట్టి, మడమ కింద తువ్వాలు చుట్ట పెట్టండి. కాలి వేళ్లు కప్పు వైపే ఉండాలి. తొడ వదులుగా వదిలేస్తే మోకాలు తిన్నగా దిగుతోంది, కాలు పైకెత్తితే వంగిపోతోంది అంటే కీలు బాగుంది, తొడ కండరమే బలహీనం. రిపోర్టులో ‘ఎక్స్‌టెన్సర్ ల్యాగ్’ అని రాసేది దీన్నే. మోకాలిని మంచానికి నొక్కుతూ తొడ బిగించి ఐదు లెక్కపెట్టే వ్యాయామంతో మెల్లగా దారికొస్తుంది. వాపుంటే ఆ కండరం సరిగా పనిచేయదు, కాబట్టి గుడ్డలో చుట్టిన ఐసు కూడా పెట్టాలి.

వదులుగా వదిలినా దిగకపోతే అది ‘ఫ్లెక్షన్ కాంట్రాక్చర్’, అంటే వంగి బిగుసుకోవడం. ఇక్కడ అడగాల్సింది ఒక్కటే: రాత్రి మోకాలి కింద ఏం పెడుతున్నారు?

"ఏమీ లేదండీ" అంటారు. ఇంకాస్త గుచ్చి అడిగితే దిండు కాదు, మడతపెట్టిన దుప్పటి అని తేలుతుంది. వాచిన కీలుకు దాదాపు 30 డిగ్రీలు వంగినప్పుడు లోపల ఒత్తిడి తగ్గి హాయిగా ఉంటుంది. అందుకే అమ్మ అడుగుతుంది, కోడలు పెడుతుంది. రాత్రంతా అలాగే ఉంటే మోకాలి వెనక పొర, కండరాలు ఆ పొడవుకే అలవాటు పడతాయి. పగలు చేసిన పది నిమిషాల వ్యాయామం దాని ముందు ఏ మూలకు? ఈలోగా చుట్టాలందరూ "తొంభై వచ్చిందా, నూట ఇరవై వచ్చిందా" అని ఎన్ని డిగ్రీలు వంగుతోందనే అడుగుతారు. రిపోర్టులో ‘15-110’ అని ఉంటే ముందు చూడాల్సింది ఆ 15. కాలు తిన్నగా రావడానికి ఇంకా 15 డిగ్రీల లోటు ఉందన్నమాట, కుంటుకు కారణం అదే.

మోకాలి కింద ఉన్నదేదైనా సరే తీసేయండి. కాలు ఎత్తులో ఉండాలంటే దిండు మడమ కింద పెట్టి మోకాలిని గాల్లో వదలండి. పది నిమిషాల చొప్పున రోజుకు నాలుగైదుసార్లు. పైనుంచి చేత్తో బలంగా నొక్కడం, నూనె మర్దన వద్దు.

లోపల మచ్చ కణజాలం పెరగడం, ఇంప్లాంట్ తేడా వంటివి కూడా కొందరిలో ఉండొచ్చు. ఇవన్నీ చేసినా కొన్ని వారాల్లో మార్పు లేకపోతే సర్జన్ చూసుకుంటారు. పిక్క వాచి నొప్పి పుట్టినా, ఆయాసం వచ్చినా, జ్వరంతో గాయం కారినా మాత్రం వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.