పున్నమి ఘాట్‌లో సముద్రపు దొంగల ఓడ సీను తీయడం ఎలా

1935లో 'కెప్టెన్ బ్లడ్' సినిమాలో ఓడల యుద్ధాలకు వార్నర్ బ్రదర్స్ వాళ్లు బొమ్మ ఓడలు, పాత మూకీ సినిమా ముక్కలు వాడారు. మనకు బెజవాడ కృష్ణ చాలు. బ్యారేజీకి ఎగువన నీళ్లు నిలకడగా ఉంటాయి, గేట్లు మాత్రం ఫ్రేములో పడనివ్వకండి.

బొమ్మ ఓడ ఎంత పెద్దదైతే అంత మేలు. నీటి చుక్క మన కోసం చిన్నదవ్వదు కదా, రెండడుగుల ఓడ పక్కన అది నిమ్మకాయంత కనబడి గుట్టు రట్టు చేస్తుంది. ఆరడుగులకు తగ్గొద్దు. థర్మోకోల్ పొట్ట కింద ఇసుక మూటలు కట్టండి, లేకపోతే చిన్న అలకే గంతులేస్తుంది. తెరచాపకు పాత పంచె, టీ డికాషన్‌లో ముంచి ఆరేసింది, భలే ఉంటుంది.

అసలు కిటుకు వేగంలో ఉంది. ఆరడుగుల బొమ్మ 96 అడుగుల ఓడకు నకలు అనుకుంటే పదహారో వంతు. పదహారు వర్గమూలం నాలుగు, అంటే సెకనుకు మామూలు 24 బదులు నాలుగు రెట్లు, 96 ఫ్రేములు తీసి, 24 చొప్పున నెమ్మదిగా ఆడించాలి. ఫోన్లో 120 పెట్టేయండి. అలకు బరువొస్తుంది. ఫోను నీటికి బెత్తెడు ఎత్తులోనే ఉండాలి. మా బావమరిది డ్రోన్ అంటాడు, వినకండి.

ఫిరంగికి టపాసులొద్దు, రబ్బరు గొట్టంలోంచి సాంబ్రాణి పొగ వదలండి. పొద్దెక్కితే గాలి లేచి పొగ నిలవదు, స్నానాల జనం కూడా దిగుతారు. తెల్లారేసరికే మొదలెట్టండి.