మొదటి కత్తి చేయబోయే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

సరదా కొద్దీ సొంతంగా కూరగాయల కత్తి చేసుకోవాలనుకునే కొత్తవారు ముందుగా కొలిమికి భయపడతారు. ఎర్రగా కాలిన ఇనుము ప్రమాదం కంటికి కనిపిస్తుంది కాబట్టి దాని దగ్గర ఎవరైనా ఒళ్లు దగ్గర పెట్టుకునే ఉంటారు. కాలుతుందని తెలియక పట్టుకునేది ఎరుపు తగ్గి నల్లబడిన ముక్కను. చూపుకు చల్లారినట్టున్నా అది మూడు నాలుగు వందల డిగ్రీల వేడిలో ఉండవచ్చు. అందువల్ల కాల్చిన ముక్కలు పెట్టడానికి ఒకే చోటు కేటాయించుకుని, అక్కడున్న దేనినైనా పట్టకారుతోనే తీయాలి.

ఇనుము ఎంపికలోనూ జాగ్రత్త అవసరం. పాత ఆకురాయి, లారీ కమాను కట్ట ముక్క కొత్తవారికి పనికొస్తాయి. జింకు పూత ఉన్న పైపులు, రేకులు మాత్రం మంట దరిదాపులకు రాకూడదు. ఆ పూత కాలినప్పుడు లేచే తెల్లని పొగ పీల్చినవారికి కొన్ని గంటల తరువాత చలి, జ్వరం, ఒళ్లు నొప్పులు వస్తాయి. చవకగా దొరుకుతుందని జీఐ (జింకు పూత వేసిన ఇనుము) బకెట్‌తో కొలిమి కట్టుకునేవారికి ఈ సంగతి చాలాసార్లు తట్టదు. ఒకప్పుడు నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రంలో మూసల్లో కరిగించి చేసిన ఉక్కు గురించి చదివి, మొదటి ప్రయత్నంలోనే ఉక్కు కరిగించాలని ఉబలాటపడేవారూ ఉన్నారు. అది చాలా ఏళ్ల అనుభవం తరువాత చేయవలసిన పని.

నన్ను అడిగితే, కొలిమి కంటే, గుండ్రని డిస్కును తిప్పి ఇనుమును కోసే, అరగదీసే యాంగిల్ గ్రైండరుకే ఎక్కువ భయపడాలి. నాలుగు అంగుళాల గ్రైండరు నిమిషానికి దాదాపు 11,000 సార్లు తిరుగుతుంది. డిస్కు మీద ముద్రించిన వేగం అంతకు తక్కువ కాకూడదు. మధ్యనున్న లోహపు రింగు మీద గడువు నెల, సంవత్సరం ఉంటాయి, వాటినీ చూడాలి. కోసే పలుచని డిస్కును పక్కకు వంచి అరగదీయడానికి వాడితే అది పగిలి ముక్కలు ఎగురుతాయి. పని త్వరగా అవుతుందని గార్డు విప్పిన గ్రైండరును అరువు తెచ్చుకోవద్దు. కళ్లద్దాలు, వాటిపైన ముఖానికి అడ్డు, చెవులకు రక్షణ, సన్నని ధూళిని ఆపే మాస్కు తప్పనిసరి. నిప్పురవ్వలు పడే వైపు రంపపు పొట్టు, గుడ్డ పేలికలు ఉండకూడదు.

పిడికి డ్రిల్లుతో రంధ్రాలు వేసేటప్పుడు అలుగును, అంటే కత్తి పలకను, చేత్తో పట్టుకోకుండా క్లాంపుతో బిగించాలి. బిట్టు ఇనుములో ఇరుక్కున్న క్షణంలో అలుగు గిర్రున తిరిగి వేళ్లు తెగుతాయి. డ్రిల్లు దగ్గర చేతి తొడుగులు వేసుకోవద్దని చెబితే కొత్తవారు ఆశ్చర్యపోతారు కానీ, తిరిగే బిట్టు తొడుగు కొసను పట్టుకుంటే చేయి కూడా దానితోపాటే పోతుంది. చున్నీ, లుంగీ, వదులు చొక్కా చేతుల విషయంలోనూ ఇదే జాగ్రత్త పాటించాలి.

పదును నిలిచేందుకు అలుగును అయస్కాంతానికి అంటుకోని స్థితి దాటి, అంటే సుమారు 770 డిగ్రీల పైకి కాల్చి నూనెలో ముంచుతారు. ఈ పని ఆరుబయట, లోతైన ఉక్కు పాత్రలో చేయాలి. ప్లాస్టిక్ డబ్బా పనికిరాదు. వాడేసిన ఇంజన్ ఆయిల్ పొగ విషపూరితం కాబట్టి వంటనూనె మేలు. అలుగును ఒక్క ఊపులో పూర్తిగా ముంచాలి. సగం ముంచి ఆగితే నూనె పైభాగం భగ్గుమంటుంది. అప్పుడు కంగారులో నీళ్లు పోస్తే మండే నూనె చిమ్ముకుంటుంది. పాత్రకు సరిపోయే ఇనుప మూతను ముందే పక్కన పెట్టుకుని, దానితో కప్పాలి. నూనెలోంచి తీసిన అలుగు గాజులా పెళుసుగా ఉంటుంది కాబట్టి వంకర తీయాలని సుత్తి ఎత్తకుండా, నూనె తుడిచి, సుమారు 200 డిగ్రీల ఓవెన్‌లో గంట చొప్పున రెండుసార్లు వేడి చేయాలి.

పొడవు విషయంలో కూడా ఒక మాట. ఆయుధాల నిబంధనల్లో, ఇంటి, వ్యవసాయ, పరిశ్రమ అవసరాలకు కానివైతే, 9 అంగుళాలకు మించిన పొడవు లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పున్న అలుగు గల కత్తులను ఆయుధాల కింద లెక్కించారు. మొదటి కత్తి నాలుగైదు అంగుళాల వంటింటి కత్తి అయితే ఈ ఇబ్బంది ఉండదు.

వాదర తీయడం చిట్టచివరి పనిగా ఉంచుకోవాలి. పిడి బిగించి, నునుపు చేసి, అంతా అయ్యేవరకు అలుగు మొద్దుగానే ఉండాలి. సాన మీద పదును వచ్చాక బొటనవేలితో కాకుండా, పాత కాగితం కోసి పరీక్షించాలి.